పసుపుగుడ్డ మూట

మా అత్త మొక్కిన మొక్కు తీర్చడానికి మా చుట్టుపక్కల పారే నీళ్లు దొరకలేదు. వినేవాళ్లకు నవ్వు రావచ్చు. మొదట్లో నేనూ నవ్వినదాన్నే.

తొంభైల మధ్యలో, మా పాపకు ఐదో ఏడు నడుస్తుండగా అమ్మవారు పోసింది. మాది పుంగనూరులో బట్టల అంగడి, అంగడి వెనకే ఇల్లు. ఇంట్లో తాలింపు బందు, తలకు నూనె బందు, గడపకు వేపమండలు. ఒళ్లంతా పొక్కులతో పాప కళ్లు తెరవలేక మూలుగుతుంటే, మూడో రోజు మా అత్త చెంబెడు నీళ్లు వాకిట్లో పోసి గట్టిగా మొక్కుకుంది. బిడ్డ లేచి తిరిగితే పారే నీళ్లలో గంగమ్మకు చలిబిండి విడిపిస్తానని.

నానబెట్టిన బియ్యం దంచి బెల్లం కలిపి ముద్ద చేస్తే అదే చలిబిండి. పొయ్యి ఎక్కదు. దాన్ని పసుపుగుడ్డలో మూటగట్టి, బిడ్డ తల్లి స్నానం చేసి పరగడుపున తన చేత్తో నీళ్లలో వదలాలి. అందాకా పై మనిషి చేయి తగలకూడదు. తగిలితే మైల. మొక్కు చెల్లదు.

పాప లేచి తిరిగింది. నీళ్లే లేవు. వరసగా రెండేళ్లు వానలు మొహం చాటేశాయి. చెరువుల్లో పిల్లలు క్రికెట్ ఆడుకుంటున్నారు. తోటలో బోరు నీళ్లు కాలవలో పారుతుంటాయి కదా, అక్కడ వదులుదామన్నాను. "మోటారు ఆపితే ఆగిపోయేటివి పారే నీళ్లు ఎట్లయితాయి?" అని అత్త కొట్టిపారేసింది. కొళాయి మాటెత్తి తిట్లు తిన్నాను. తర్వాత పాపకు జలుబు చేసినా, కాలికి ముల్లు గుచ్చుకున్నా అత్త పాపను చూడదు, నన్ను చూస్తుంది. రెండేళ్లు ఆ చూపు కింద కాపురం చేశాను.

అప్పుడు మా బజారు బట్టల అంగళ్లవాళ్లు నాలుగు కుటుంబాలు కలిసి కైగల్ పోదామన్నారు. పలమనేరు నుంచి కుప్పం పోయే దోవలో, అడవి లోపల, రాళ్ల మీదనుంచి దూకే జలపాతం అది. ఎంత ఎండాకాలమైనా నీళ్లు ఆగవని పేరు. ఊరికే చూసి రావడం కాకుండా, రెండు రోజులు అక్కడే గుడారాల్లో ఉండడం. కుప్పంలో ఒక కంట్రాక్టరు గుడారాలు, వంటాయన, దోవ చూపించే మనిషి, అన్నీ తనే ఏర్పాటు చేస్తాడట. ఎండాకాలంలోనూ ఆగని నీళ్లు అన్న మాట వినగానే మా అత్త బియ్యం నానబోసింది.

మా పుట్టిల్లు మదనపల్లె. చిన్నప్పుడు సెలవులొస్తే హార్స్‌లీ కొండ ఎక్కడం, చలిగాలిలో బజ్జీలు తినడం, దిగడం. ఆ లెక్కన అడవి సంగతి నాకు బాగా తెలుసని నా ధీమా. వ్యానులో తక్కిన ఆడవాళ్లు ఏనుగుల భయం గురించి మాట్లాడుకుంటుంటే, "ఏనుగులకు మనతో ఏం పనమ్మా" అని వాళ్లను ఎగతాళి చేశాను. ఆ మాట నా నోటినుంచే వచ్చిందని ఈనాటికీ గుర్తే.

అడవి అంచున చిన్న పల్లె దగ్గర దోవ చూపించే మనిషి మాకోసం నిలబడి ఉన్నాడు. నలభై ఐదేళ్లుంటాయి. సన్నటి మనిషి, ఖాకీ చొక్కా, భుజాన తువ్వాలు, మెడలో దారానికి కట్టిన ఈల. ఆ పల్లె ఆయనదే. ఏనుగులు ఏ దోవన వస్తాయో, ఏ దోవన పోతాయో చుట్టుపక్కల అంతటికీ ఆయనకే తెలుసని కంట్రాక్టరు మా ఆయనతో చెప్పి ఉన్నాడు. ఆయన మాత్రం ఏనుగు అనడు. సామి అంటాడు.

ముందు తన ఇంటి అరుగు మీద దుప్పటి పరిచాడు.

"బెల్లం, అరటిపండ్లు, పనసతొనలు, తీపి పదార్థం ఏదుండినా ఈడ పెట్టండమ్మా. రాగిచేన్లు కోతకొచ్చినాయి, సామి ఆ తట్టు ఉండాడు. ఈ తట్టు రాడు. వాసన తగిలితే మాత్రం యాడున్నా వస్తాడు. తిరిగి పొయ్యేటప్పుడు మీవి మీకు ఇస్తాం. సంచులన్నీ నేను ఒకసారి సూడాల."

గొణుక్కుంటూనే అందరూ తీశారు. ఒకావిడ ఇంటినుంచి చేసుకొచ్చిన పూర్ణం ఓళిగల డబ్బా మూత తీసి ఒకసారి చూసుకుని మరీ పెట్టింది. ఆయన ఒక్కో సంచీ తెరిచి, చేయి అడుగుదాకా పెట్టి చూస్తూ వస్తున్నాడు. ఆయన భార్య లోపలినుంచి తడిగుడ్డ తెచ్చి డబ్బాల మీద కప్పింది.

నా భుజానికి గుడ్డసంచి ఉంది. పాప గౌన్ల కింద పసుపుగుడ్డ మూట. ఆయన ఏ కులమో నేనడగలేదు. అడగకుండానే తేల్చేసుకున్నాను. ఆయన చేయి నా సంచి దాకా వచ్చింది. నేను ఒక అడుగు వెనక్కి జరిగాను.

"పాప గుడ్డలప్పా" అన్నాను.

చేయి అట్లాగే ఆగింది. ఆయన నా మొహం చూశాడు. చేయి వెనక్కి తీసుకుని తువ్వాలుకు తుడుచుకున్నాడు.

"సరేలేమ్మా" అని పక్క సంచి దగ్గరికి పోయాడు.

గండం గడిచిందని ఊపిరి పీల్చుకున్నాను. నా తెలివికి నేనే మెచ్చుకున్నాను కూడా.

ఆ సాయంత్రం ఆయన మమ్మల్ని అడవిలో తిప్పాడు. ఒక చెట్టు బోదెకు మనిషెత్తుకు పైన ఎండిన బురద అంటి ఉంది. సామి వీపు గోక్కున్న చోటు అని చెప్పి, పాపను ఎత్తుకుని ఆ బురద తాకించమని మా ఆయనకు చెప్పాడు. ఎండిన లద్దెను కట్టెపుల్లతో విప్పి అందులో అరగని రాగిగింజలు చూపించాడు. పాప ఊరుకునే రకం కాదు. సామికి కడుపునొప్పి వస్తే ఏం చేస్తాడని అడిగింది. ఆయన కాస్త ఆలోచించి, వెదురు చిగుళ్లు తినడం మానేసి నీళ్లల్లో నిలబడుకుంటాడని చెప్పాడు. మా పాప ప్రశ్నకు అంత మర్యాదగా బదులు చెప్పిన మనిషిని నేనంతకుముందు చూడలేదు. మేమంతా దాన్ని 'నోరు ముయ్యవే' అనే అనేవాళ్లం.

జలపాతం కనబడకముందే చప్పుడు వినబడింది. మలుపు తిరిగితే నీళ్లు. నల్లటి రాతిమీదనుంచి తెల్లగా కింద మడుగులోకి పడుతున్నాయి. బిందెల వరసలో నిలబడి గొడవపడే ఊరినుంచి పోయినదాన్ని. అన్ని నీళ్లు ఎవరికీ అక్కరలేనట్టు ఊరికే పోతుంటే చూసి నాకు కళ్లు తిరిగాయి. ఏడుపూ వచ్చింది. కిందికి దిగుతానన్నాను.

"పొద్దు వాలినాంక వద్దమ్మా. జంతువులు నీళ్లకొచ్చే యాళ. రేపు పొద్దున్నే నేనే దిగబెడతా" అన్నాడు.

నాకూ అదే నయం. మొక్కు పరగడుపున తీర్చాల్సింది కదా.

మూటను గుడారంలో పెట్టుకుని పడుకుంటే కాళ్లు తగులుతాయని నాకు అనుమానం. వంట గుడారంలో అన్నిటికంటే మడిగా ఉండే చోటు చూసి, పైన అడ్డకర్రకు సంచి తగిలించాను. పాప గుడ్డలు తడవకుండా అని వంటాయనతో చెప్పాను. దేవుడి మూట కదా, ఎత్తులో ఉంటే మంచిదనుకున్నాను. ఎత్తులో ఉంటే గాలికి వాసన ఎంత దూరం పోతుందో నాకు తట్టలేదు.

తెల్లారుతుండగా వంటాయన కేక వినబడింది. తర్వాత కర్ర ఫెళ్లున విరిగిన చప్పుడు. గుడారం బయటికొచ్చేసరికి వంట గుడారం నేలకు కూలి ఉంది, దాని మీద ఏనుగు. ఒంటరిది, దంతాలున్నది. మా అందరి కాళ్లూ అక్కడే అతుక్కుపోయాయి. దోవ చూపించే ఆయన ఒక్కడే పరిగెత్తుకుంటూ వచ్చాడు. పాపను చంకన వేసుకుని, నన్ను రెక్క పట్టుకుని ఈడ్చి వ్యానులోకి తోశాడు. పాప ఆయన మెడ కరుచుకుని ఉంది. వేళ్లు ఒక్కొక్కటి విడదీసి నా ఒళ్లో వేశాడు. అప్పుడు నాకు మైల గుర్తు రాలేదు.

తక్కినవాళ్లనూ ఎక్కించాక ఆయన ఖాళీ డబ్బా ఒకటి తీసుకుని కట్టెతో వాయిస్తూ, ఈల ఊదుతూ వెనక్కి పోయాడు. ఏనుగును మాకు ఎడంగా తిప్పాలని రాళ్ల మీదుగా చుట్టూ తిరిగాడు. అక్కడ జారి పడ్డాడు. మోకాలు రాతికి కొట్టుకున్న చప్పుడు నాకు వినబడలేదు గానీ, లేవబోయి లేవలేకపోవడం కనబడింది. పడినచోటే కూర్చుని డబ్బా వాయిస్తూనే ఉన్నాడు.

వ్యాను అద్దంలోంచి ఇంకోటీ కనబడింది. ఏనుగు చిరిగిన గుడారం కిందనుంచి నా గుడ్డసంచి లాగింది. పాప గౌన్లు అవతల పారేసింది. పసుపుగుడ్డ మూటను కాలికింద పెట్టి, తొండంతో విప్పి, నింపాదిగా తినింది. తిని, తనకు తోచినప్పుడు పోయింది. తక్కినవాళ్లంతా సీట్ల కింద తలలు పెట్టుకుని ఉన్నారు. చూసింది నేనొక్కదాన్నే.

పొద్దెక్కాక కంట్రాక్టరు జీపులో వచ్చాడు. దోవ చూపించే మనిషి ఒక బండ మీద కాలు చాపుకుని కూర్చుని ఉన్నాడు, మోకాలికి తువ్వాలు కట్టుకుని. కంట్రాక్టరు ఆయన ముందు నిలబడి వేలు ఆడిస్తూ మాట్లాడుతున్నాడు. ఆయన తల వంచుకుని ఏదో ఒకటి రెండు మాటలు అన్నాడు. మా వ్యానుకూ ఆ బండకూ మధ్య యాభై అడుగులుంటాయి. పోయి, అప్పా, బెల్లం నాది అని చెప్పాలి. అంతే పని.

పోలేదు. నా పక్కన ఓళిగలావిడ కూర్చుని ఉంది. ఆమె తన డబ్బా బుద్ధిగా ఇచ్చేసింది, నేను దాచుకున్నాను. ఆమె ముందు దొంగనవుతానని భయం. మా ఆయన అంగట్లో పది మందిలో నవ్వులపాలవుతాడని భయం. ఇంటికి పోతే అత్త ఏమంటుందోనని భయం. ఆ కూర్చున్న మనిషికి ఏమవుతుందో అన్న భయం మాత్రం నాలుగోది. దానికి వంతు రాలేదు.

కాసేపటికి మా ఆయన తిరిగొచ్చి చెప్పాడు. "పనిలోనుంచి తీసేసినాడంట. సంచులు సరిగ్గా చూడలేదంట. ఈ దోవన ఇంక ఎవురూ అతన్ని పిలవరులే."

"మన ఓళిగల మీద ధ్యాస పెట్టి సంచుల మీద పెట్టలేదేమో" అన్నారు వ్యానులో ఎవరో. అందరూ నవ్వారు. ప్రాణభయం తీరినాక వచ్చే నవ్వు, ఆగదు. నేనూ నవ్వాను.

పల్లె దగ్గర వ్యాను ఆగింది. ఆయన భార్య మా డబ్బాలన్నీ వరసగా అరుగు మీదికి తెచ్చిపెట్టింది. కప్పిన తడిగుడ్డ ఇంకా తడిగానే ఉంది. మధ్యలో మళ్లీ తడిపి ఉంటుంది. ఆమెకు ఇంకా ఏమీ తెలియదు.

"సామి కనపడినాడామ్మా?" అని నన్ను నవ్వుతూ అడిగింది.

"ఆఁ, కనపడినాడు" అని చెప్పి నేను వ్యాను ఎక్కేశాను.

ఇంటికొచ్చాక అత్త వాకిట్లోనే అడిగింది, విడిచినావా అని. విడిచినానత్తా అన్నాను. నీళ్లు బాగుండాయా అంది. బాగుండాయన్నాను. ఆమె పాప చెంపలు నిమిరి, కళ్లకద్దుకుని, ఆ రోజునుంచి నా వైపు ఆ చూపు చూడడం మానేసింది. ఆమె పోయేదాకా మొక్కు తీరిందనే నమ్మింది. పోయేముందు కూడా, మా కోడలు కైగల్ దాకా పోయి తీర్చుకొచ్చిందని వచ్చినవాళ్లతో చెప్పింది. మంచం పక్కన కూర్చుని విన్నాను.

నా తప్పులు నాకు బాగా తెలుసు, వాటిని నేను తక్కువచేసి చూసుకోలేదు. దాచాను. చెప్పాల్సినప్పుడు చెప్పలేదు. నవ్వాను. అత్తకు అబద్ధం చెప్పాను. వంట చేస్తూ ఒక్కోసారి ఉన్నట్టుండి గుర్తొచ్చేవి, తాలింపు మాడిపోయేది. కుప్పంలో పెళ్లికి పోతూ ఒకసారి ఆ పల్లె దోవ దగ్గర కారు ఆపమన్నాను. ఎందుకని మా ఆయన అడిగితే తల నొప్పిగా ఉందన్నాను. రెండు నిమిషాలు గాలి పీల్చుకుని మళ్లీ ఎక్కాను. ఆ దోవ చూపించిన మనిషిని కలిస్తే ఏం చెప్పాలో మాత్రం తయారుగా పెట్టుకున్నాను. మాటలు కూర్చుకున్నాను, మార్చుకున్నాను, పదేళ్లు.

పాపను ఇంటర్‌కు కుప్పంలో హాస్టలున్న కాలేజీలో చేర్చాం. చేర్చిన నెలకు ఒక ఆదివారం పొద్దున బస్సులో పోయాను, పొరివిళంగాయల డబ్బా తీసుకుని. వేయించిన పిండి, బెల్లం కలిపి కట్టే గట్టి ఉండలు అవి, మా పాపకు ప్రాణం. గేటు దగ్గర తల్లిదండ్రుల వరస. వాచ్‌మన్ ఒక్కొక్కరి సంచీ తెరిపించి చూస్తున్నాడు. నా వంతు వచ్చింది.

"సంచి తెరువమ్మా."

తెరిచాను. చేయి అడుగుదాకా పోయింది. తలెత్తితే మెడలో ఈల. జుట్టు పూర్తిగా నెరిసింది. డబ్బా బయటికి తీస్తూ పక్కకు ఒక అడుగు వేశాడు, ఎడమ మోకాలు వంగలేదు.

"బయట తిండి లోపలికి పోకూడదమ్మా. పాపను పిలుస్తా, ఈడనే కూసోని తినేసి పోనీ" అన్నాడు.

నన్ను ఆయన గుర్తుపట్టలేదు. అట్లాగే లోపలికి పోవచ్చు, పదేళ్లు చేసిన పనే. వరస అయిపోయేదాకా గేటు పక్కన నిలబడ్డాను. తర్వాత దగ్గరికి పోయి చెప్పాను. కైగల్ కాడ, పుంగనూరు వ్యాను, గుడారం. "ఆ బెల్లం నా సంచిలోదేనప్పా. మొక్కుబడి చలిబిండి. నేనే దాచిపెట్టినా. మీ పని పొయ్యింది నా వల్లే." కూర్చుకున్న మాటల్లో ఇంతే గుర్తుంది.

ఆయన నా మొహం చూశాడు.

"తెలుసమ్మా" అన్నాడు. "గౌన్లు ఆడనే పడుండె కదా. పసుపుగుడ్డ నేనే తీసి రాళ్లకింద పెట్టినా, ఎవురూ చూడకుండా."

"తెలిసీ యాల చెప్పలేదప్పా? ఆ కంట్రాక్టరు అడిగినాడు కదా?"

"అన్నీ చూసినావా అని అడిగినాడు. ఒకటి చూడలేదన్నా. ఎవురిదన్నాడు. గుర్తులేదన్నా." కాలు మార్చుకుని గేటుకు ఆనుకున్నాడు. "నేను చేయి చాపితే మీరు ఎనక్కి జరిగినారు. నా చేయి పడేది మీకు ఇష్టం లేదని తెలిసిపోయింది. నాకు సిగ్గనిపించింది, తీసేసుకున్నా. ఆ పొద్దు సిగ్గుపడకుండా చూసుంటే సామి వచ్చుండడు. ఈడ చేరినాంక ఎవురిదైనా సరే అడుగుదాకా చూస్తాండా. ఆ పొద్దు తప్పు నాదే కదమ్మా."

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని వెతికాను. లేదు. నిజంగానే తన తప్పు అనుకుంటున్నాడు, నాలాగే పదేళ్లుగా. నేను దాచినదానికి, చెప్పనిదానికి, నవ్వినదానికి క్షమాపణ తయారు చేసి పెట్టుకున్నాను. వెనక్కి వేసిన ఆ ఒక్క అడుగు నా తప్పుల్లో లేదు. దాన్ని తప్పని నేనెప్పుడూ అనుకోలేదు.

అంతలో పాప వచ్చింది. పదహారేళ్ల పిల్ల, నాకంటే పొడుగు. "ఈ తాత నీకు ముందే తెలుసామ్మా?" అని అడిగింది. ఆయన దాన్ని కిందనుంచి పైదాకా చూసి, "సామికి కడుపునొప్పి వస్తే ఏం చేస్తాడని అడిగిన పాపేనా?" అన్నాడు. పాపకు గుర్తులేదు. నవ్వింది.

నేను డబ్బా మూత తీసి ముందు ఆయన ముందుకే చాపాను. "తీసుకో అప్పా" అన్నాను.

పొద్దుటినుంచి అందరి సంచుల్లో చేయి పెట్టిన మనిషి, నా డబ్బాలో చేయి పెట్టలేదు. "మీరే తీసియ్యండమ్మా" అని రెండు అరచేతులూ దోసిలి పట్టి, డబ్బాకు కాస్త ఎడంగా ఉంచాడు. నేను ఒక ఉండ తీశాను. ఆ దోసిట్లో పెట్టాలి, నా వేళ్లు ఆయన చేతికి తగలాలి, ఇప్పుడైనా తగలాలి అనుకుంటూనే ఉన్నాను. నా చెయ్యి అలవాటు ప్రకారం జానెడు ఎత్తునుంచే దాన్ని వదిలింది.

ఆయన పట్టుకున్నాడు. పాప చూస్తూ ఉంది.